ఆయన వీపు, హీరో ముఖం

మా ఆయన ముఖం ఏ ఫోటోలోనూ లేదు. ఫోటో దిగేంత సందర్భం మా బతుకులో రాలేదు. ఒక సినిమా పాటలో మాత్రం ఆయన వీపు ఉంది. ఆ వీపు కోసం హిందూపురంలో, ధర్మవరంలో టెంటు సినిమాల్లో ఇసుక మీద ఎన్నిసార్లు కూర్చున్నానో నాకే లెక్క లేదు. నాకు సంతకం పెట్టేంత వరకే చదువు. నేను చెబుతున్నాను, వేరేవాళ్లు రాస్తున్నారు. ఆ సినిమా పేరు చెప్పను. ఆయన పేరూ చెప్పను. బతికున్నప్పుడు ఒక్కసారైనా నోటితో పలకని పేరు, పోయాక పలికితే ఏం బాగుంటుంది.

మాది పెనుకొండ. ఆయన స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. మనిషి పొడుగు. ఏళ్ల తరబడి పగ్గాలు పట్టి పట్టి ఎడమ భుజం కొంచెం కిందికి దిగి ఉండేది. నడుస్తుంటే ఆ భుజమే ముందు కనబడేది. తిరునాళ్లలో అయినా వెనక నుంచి గుర్తుపట్టేదాన్ని.

ఒక ఎండాకాలం మద్రాసు నుంచి సినిమావాళ్లు రైలు దిగారు. కోటలో ఒక పాట తీయాలట. మూడు రోజుల పని. పెట్టెలు, అట్టలు, మూడు కాళ్ల కెమెరా మోయడానికి స్టేషనులో ఉన్న జట్కాలన్నీ మాట్లాడుకున్నారు. మొదటి రోజు సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి చెబుతూ చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయాడు. రెండో రోజు మధ్యాహ్నం సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి గిన్నెలో పెట్టుకుని నేనూ వెళ్లాను.

కోటలోని గగన్ మహల్ దగ్గర ఊరంతా ఉంది. పై కిటికీలో హీరోయిన్ నిలబడి ఉంది. ఎవరో ఆమె కళ్లలో చుక్కలు వేశారు, నీళ్లు కారాయి. వెండికాగితం అంటించిన పెద్ద పెద్ద అట్టలు పట్టుకుని నలుగురు మనుషులు ఎండను ఆమె ముఖం మీదికి తిప్పుతున్నారు. ప్లేటు మీద పాట వేస్తున్నారు, రెండు ముక్కలు రాగానే ఆపేస్తున్నారు, మళ్లీ వేస్తున్నారు. కింద ఒకడు కట్టెకు ఎర్రగుడ్డ కట్టి పట్టుకున్నాడు. ఆమె ఆ గుడ్డను చూస్తూ ఏడుస్తోంది.

జట్కా నీడలో ఆయన పక్కన కూర్చున్నాను.

"ఆ యమ్మ ఎవర్ని చూస్తాంది?" అని అడిగాను.

"మొగుణ్ని."

"మొగుడు యాడుండాడు?"

"మద్రాసులో. రాలేదు ఆయప్ప. రేపు నేనే మొగుణ్ని."

"థూ, నీ మాటలు."

"నిజంగానే మే. నా ఎత్తు, ఆయప్ప ఎత్తు ఒకటేనంట. వీపొక్కటే కావల్లంట. మొగం మద్రాసులో పెట్టుకుంటారంట."

"నీ వీపు ఈడ, ఆయప్ప మొగం ఆడనా? ఎట్ల అతుకుతాది?"

"అతికేటోళ్లు వేరే ఉండారంట" అన్నాడు ఆయన, సంగటి ముద్ద విరుస్తూ.

మూడో రోజు జరిగింది చెప్పాలి. ఆ తర్వాత నా బతుకంతా దాని చుట్టూనే తిరిగింది.

మహల్ దగ్గర ఎవరూ లేరు. కొండ మీదికి పోయే దారి దగ్గర ఉన్నారని ఎవరో చెప్పారు. నేను అడ్డదారిన కూలిపోయిన గోడ పక్క నుంచి ఎక్కాను. గోడ దాటగానే ఆయన కనబడ్డాడు. తెల్ల జుబ్బా వేసుకుని, కొండ వైపు ఒక్కడే నడిచి పోతున్నాడు. చుట్టూ మనిషి అలికిడి లేదు. కెమెరా, మనుషులు, గొడుగులు అన్నీ గోడ చాటునే, నా ఎడమచేతి వైపు ఉన్నాయని నాకు తెలియదు. అందరూ నోళ్లు మూసుకుని ఉన్నారు. పని అయిపోయింది, గుర్రానికి గడ్డి కోసం కొండవతలికి పోతున్నాడు, మళ్లీ సాయంత్రం దాకా తిండి ఉండదు అనుకున్నాను.

మా ఇళ్లలో బయటికి పోయే మగవాణ్ని వెనక నుంచి పిలవకూడదు. ఏదైనా మరిచిపోతే ముందుకు ఉరికి ఎదురుగా నిలబడి చెప్పాలి. చిన్నప్పటి నుంచి నేర్పించినదే. ఆ రోజు చేతిలో గిన్నె, కాళ్ల కింద బండలు, ఉరకలేకపోయాను.

"ఇదో, సంగటి ఆరిపోతాంది, తిని పో" అని పిలిచాను.

ఆయన అడుగు వేయబోయినవాడు వేయకుండానే ఆగి, తిరిగాడు. సరిగ్గా అప్పుడే వెండికాగితం అట్ట వెలుగు నా కళ్లలో కొట్టింది. ఆయన తిరగడం చూశాను గానీ ముఖం చూడలేదు. నల్లటి మనిషి ఆకారమే కనబడింది.

గోడ పక్క నుంచి ఒకడు ఉరికి వచ్చాడు. "ఎవరమ్మా నువ్వు? కెమెరా తిరుగుతుంటే అరుస్తావా?" అన్నాడు. గొడుగు కింద కూర్చున్న పెద్దాయన మాత్రం నన్ను ఏమీ అనలేదు. మళ్లీ తీద్దామన్నాడు. పది అడుగులు వేసి, తల తిప్పబోయి ఆగాలి, ముఖం పడకముందే ఆపేస్తాం అని ఆయనకు ముందే చెప్పి ఉన్నారట. మళ్లీ ఆరుసార్లు నడిపించారు. ఒకసారి బంట్రోతు లాగా బిర్రుగా తిరిగాడట. ఒకసారి ఈగను తోలినట్టు తిరిగాడట. "మొదటిసారి తిరిగినట్టు తిరగవయ్యా" అని పెద్దాయన అంటూనే ఉన్నాడు. ఆయనకు రాలేదు. నేను గోడ కింద గిన్నె పట్టుకుని, తల ఎత్తకుండా కూర్చున్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు జట్కాలో అడిగాను. "నావల్ల పాడైపాయనా?"

"ఫిలుమంతా కాలిపోయిందంట మే, నీ సంగటికి."

"నువ్వెందుకు తిరిగితివి? నేనని తెలీలేదా?"

"తెలిసే తిరిగినా. నువ్వు పిలిస్తే తిరక్కుండా ఎట్ల పోతా?" అని గుర్రాన్ని అదిలించాడు. వాళ్లిచ్చిన చెప్పులు కరిచి మడమలు రెండూ బొబ్బలెక్కాయి. వాటికి ఆముదం రాసినది కూడా నాకు గుర్తుంది.

వానలు పడ్డాక ఆయనకు జ్వరం పట్టింది. నాలుగు రోజులు. నాలుగో రోజు పొద్దు వాలకముందే పోయాడు.

మా అత్త గట్టిగా ఏడ్చే మనిషి కాదు. పెద్దదినం అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, పొయ్యి దగ్గర కూర్చుని నాతో అంది. "పోయేటోణ్ని ఎనక నుంచి పిలిస్తివి. నా కొడుకు గుండె ఆపొద్దే జల్లుమనింటాది. తిరిగినప్పుడు వాని మొగం ఎట్ల వాడిపోయిందో, నువ్వు చూస్తివా?"

నేను చూడలేదు. చూడలేదనే చెప్పాను. ఆ తర్వాత ఆమె ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నాలో మాత్రం ఆ ప్రశ్న దిగబడిపోయింది. ఆయన తిరిగినప్పుడు ముఖం ఎట్లా ఉంది? విసుక్కున్నాడా, భయపడ్డాడా, ఎప్పటిలాగే ఉన్నాడా? జట్కాలో నవ్వించాడు, నిజమే. నేను బాధపడుతున్నానని నవ్వించి ఉండొచ్చు. ఆయన అట్లాంటి మనిషే. ఆ ముఖాన్ని చూసింది కెమెరా ఒక్కటే.

ఏడాది తిరగకముందే ఆ సినిమా పెనుకొండ టెంటుకు వచ్చింది. నేను గడప దాటే రోజులు కావు అవి. పక్కింటి అక్క చూసి వచ్చి, దొడ్డి గోడ మీద నుంచి చెప్పింది.

"మీ ఆయన్ని చూసినాం మే. ఆ భుజం యాడ చూసినా తెలిసిపోతాది. టెంటులో మనోళ్లందరూ ఈల ఏసినారు."

"తిరిగినాడా?"

"తిరిగె. తిరిగితే హీరో మొగం వచ్చె."

"మధ్యలో? మధ్యలో ఈయన మొగం ఏమన్నా..."

"ఏమో తల్లీ. నేను రెప్ప కొట్టినానో ఏమో."

ఆమె నన్ను చూసి జాలిపడి, పాట బాగుందని కూడా చెప్పింది. పాట ఎవరికి కావాలి.

తర్వాతి ఏడు మా అన్న వచ్చి నన్ను హిందూపురం తీసుకుపోయాడు. చింతపండు మండీలో గింజలు తీసే పనికి కుదిరాను. ఇరవైమంది ఆడవాళ్లం వరసగా కూర్చుని పొద్దంతా చింతపండు కొట్టేవాళ్లం. సగంమంది కన్నడం మాట్లాడేవాళ్లు. చేతులు పులుపెక్కి పగిలేవి. అక్కడే నాకు ఒక సంగతి తెలిసి వచ్చింది. ఆయన ముక్కు గుర్తుంది, మీసం గుర్తుంది, కనుబొమల మధ్య గీత గుర్తుంది. అన్నీ కలిపితే మాత్రం ముఖం రావడం లేదు. కళ్లు మూసుకుంటే ఎవరో వేరే మనిషి వస్తున్నాడు. ఎవరికి చెప్పుకోవాలి ఇది? అన్నకు చెబితే మళ్లీ పెళ్లి మాట ఎత్తుతాడు.

ఒక రోజు మండీ ముందు తప్పెట మోత వినబడింది. జట్కాకు రెండు పక్కలా సినిమా బొమ్మలు కట్టి, కాగితాలు విసురుతూ పోతున్నారు. ఆ బొమ్మలో గగన్ మహల్ కిటికీ గుర్తుపట్టాను. సాయంత్రం చేతులు కడుక్కోకుండానే టెంటుకు వెళ్లాను.

ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, మధ్యలో గుడ్డ కట్టి ఉంది. కథ ఏమిటో నేను చూడలేదు, పాట కోసమే కూర్చున్నాను. పాట మొదలైంది. కిటికీలో ఆమె. ఎండవేళ తీసినదాన్ని ఏం చేశారో ఏమో, వెన్నెల లాగా ఉంది. ఆమె కన్నీళ్లతో చూస్తోంది. ఎర్రగుడ్డ లేదు, కట్టె లేదు. ఆమె చూపు పోయినచోట కొండదారి వచ్చింది, దాని మీద ఆయన.

ఆ కిటికీలోంచి ఆ దారి కనబడదు. పెనుకొండవాళ్లు ఎవరైనా చెబుతారు, అది కొండకు వేరే పక్క. ఆమె ఆయన్ని చూడనే లేదు, ఆయన ఆమెను చూడనే లేదు. ఒక రోజు ఆమె గుడ్డను చూసి ఏడ్చింది, ఇంకో రోజు ఈయన చెప్పులు కరుస్తుంటే నడిచాడు. రెండూ పక్కపక్కన పెట్టేసరికి మొగుడు వదిలిపోతున్నాడు, పెళ్లాం చూస్తోంది అయింది. పాటలో మాటలు ఏవో ఉన్నాయి, దీపమో తుమ్మెదో. వాటితో పని లేకుండానే అందరికీ అర్థమైంది.

కెమెరాను నేల మీద పెట్టినట్టున్నారు. అందుకే దారి పెద్దగా, ఆకాశం ఇంకా పెద్దగా ఉంది. ఆయన నడిచేకొద్దీ చిన్నగా అయిపోతున్నాడు. కెమెరా ఆయన వెంట పోలేదు. పెట్టినచోటే ఉండిపోయింది. నేను గోడ దగ్గర గిన్నె పట్టుకుని నిలబడిపోయినట్టే ఉంది అది. చెట్టు లేదు, పిట్ట లేదు, బండలూ ఆ తెల్ల జుబ్బా. ఆయన పోయాక నా ఇల్లు ఎట్లా ఉందో నేను ఎవరికీ చెప్పలేకపోయాను. ఆ కొండ చెప్పింది.

అప్పుడు ఆయన అడుగు వేయబోయి, వేయకుండా ఆగాడు. తిరిగాడు. హీరో ముఖం వచ్చింది.

ఆరుసార్లు తిరిగిన తిరుగుడు నేను గోడ కింద కూర్చుని కాళ్ల చప్పుడును బట్టి వింటూనే ఉన్నాను. ఒక్కసారి కూడా ఆయన అట్లా అడుగు మధ్యలో ఆగలేదు. ఇది మొదటిది. పాడైపోయిందన్నదాన్నే వాళ్లు పెట్టుకున్నారు. నేను పిలిచినదే అది. నా పిలుపు వినబడలేదు, దాని మీద వీణ మోగుతోంది. నా పిలుపుకు తిరిగిన మనిషి, తిరిగేసరికి ఇంకొకడైపోయాడు.

పక్కన కూర్చున్న ఆమె మోచేత్తో పొడిచింది. "ఏనక్కా, ఇంతగా ఏడుస్తాండావు? ఆ హీరో మళ్లీ వస్తాడులే. నేను నిన్ననే చూసినా."

"రాడు" అన్నాను.

"వస్తాడక్కా, నా మాట నమ్ము. కడాకు కలుస్తారు."

ఆ సినిమా ఆడినన్ని రోజులూ వెళ్లాను. ప్రతిసారీ రెప్ప కొట్టకుండా చూశాను. భుజం తిరుగుతుంది, చెవి లాంటిది ఏదో మెరుస్తుంది, అంతలో హీరో. ఆ మెరుపులో ఏముందో కంటికి చిక్కలేదు. సినిమా వెళ్లిపోయింది. నేను చింతపండు కొట్టుకుంటూ ఉన్నాను.

అన్న కొడుకులు పెళ్లీడుకొచ్చారు, ఇల్లు ఇరుకైంది. తెలిసినవాళ్లు ధర్మవరంలో ఒక నేతగాళ్ల ఇంట్లో పని చూపించారు. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, ఆ కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేళ్లకు బూడిద రాసుకుని కూర్చుంటే వేల పోగులు. చూపుతో అయ్యే పని కాదు, వేలికొసలతో తెలుసుకోవాలి. మొదట రాలేదు. తర్వాత అదే వచ్చేసింది. చీకట్లో తడిమినా అతుకు ఎక్కడుందో చెప్పగలిగేదాన్ని. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లే. ఒక గది ఇచ్చారు. పండగకు పిలిచి పెట్టేవారు. తిన్నాక నా గదికి నేను వచ్చేదాన్ని.

అట్లా చాలా ఏళ్లు గడిచాక ఆ సినిమా ధర్మవరం టెంటుకు పాత సినిమాగా వచ్చింది. మొదటి రోజు వెళ్లాను. రీలంతా గీతలు, వాన పడుతున్నట్టు ఉంది. ఆయన వచ్చాడు, నడిచాడు, తిరగబోయాడు, ఎగిరినట్టుగా హీరో వచ్చేశాడు. హిందూపురంలో ఉన్న మెరుపు కూడా లేదు.

ఇంక తట్టుకోలేకపోయాను. మర్నాడు పొద్దున్నే టెంటు దగ్గరికి వెళ్లాను. మిషను తిప్పే ఆపరేటరు ఒక సాయిబు, తల నెరిసిన మనిషి, బయట మంచం వేసుకుని టీ తాగుతున్నాడు.

"అన్నా, ఒక పాట రీలు చూడల్ల" అన్నాను.

"సాయంత్రం రామ్మా, అందరితో కూర్చోని చూడు."

"అట్ల కాదన్నా. చేత్తో పట్టుకోని చూడల్ల. దాంట్లో మా మనిషి ఉండాడు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "హీరోయినా మీ మనిషి? మొన్న గుంతకల్లులో ఒకామె హీరో నా మేనమామ కొడుకు అనె."

"వీపు" అన్నాను. "వీపు మా ఆయనది."

ఆయన మరి ఎగతాళి చేయలేదు. లేచి రేకు డబ్బా తెచ్చి, మంచం మీద గుడ్డ పరిచి, రీలు విప్పుతూ ఎండకు పట్టి చూశాడు. చేతికి భూతద్దం ఇచ్చాడు. గోరంత గోరంత బొమ్మలు. ఒకదాని కింద ఒకటి అదే కొండ, అదే వీపు. ఒక్క అడుగుకు ఎన్ని బొమ్మలో. టెంటులో అంత తొందరగా వెళ్లిపోయే మనిషి, ఇక్కడ కదలకుండా నిలబడి ఉన్నాడు. ఎంతసేపైనా చూడనిచ్చాడు.

"తిరిగేచోటు యాడన్నా?"

ఆయన వెతుకుతుంటే నా వేలు ముందు ఆగింది. రీలు అంచున చిన్న ఉబ్బు. "ఈడ అతుకు ఉండాది" అన్నాను.

ఆయన కళ్లు చికిలించి చూశాడు. "ఉండాదమ్మా. ఏదో ఊళ్లో తెగింటాది. తెగినచోట రెండు మూడు బొమ్మలు కోసి పారేసి అతికిస్తాం. నీకెట్ల తెలిసె?"

"నా పని అదే."

అతుకుకు అవతల హీరో ముఖం. ఇవతల, తెగకుండా మిగిలిన ఆఖరి బొమ్మ. భూతద్దం పెట్టి చూశాను. భుజం, మెడ, చెవికి పోగు, చెంపలో సగం. కన్ను లేదు, నోరు లేదు. ముఖం ఏ ఊరి టెంటు వెనకాలో పారేశారు. సాయిబన్న రీలు నా చేతిలోంచి తీసుకుని తను చూశాడు. నా సంగతి ఆయనకు ఏమీ చెప్పలేదు నేను. పిలిచినది గానీ, మా అత్త మాట గానీ.

"చూడు, ఎట్ల చేసినారో" అన్నాడు ఆయన. "ఈ మనిషి నవ్వుతాండాడు. ఆ హీరో ఏమో మొగం ముడుచుకోనుండాడు. మద్రాసోళ్లు సరిగ్గా చూసుకోలేదు."

"నవ్వుతాండాడా?"

"చెంప చూడు తల్లీ. ఎట్ల పైకి లేచిందో. పెదాలు కనపడకపోతే ఏమి, చెంప చెప్పదా?"

మళ్లీ చూశాను. చెంప గుండ్రంగా పైకి లేచి ఉంది. ఆ చెంప నాకు తెలుసు. పొయ్యి ముందు కూర్చుని నన్ను ఆటపట్టించబోయే ముందు అట్లాగే లేచేది. దానితో పాటే ఆయన కన్ను, మూసుకున్నట్టుగా ముడుచుకునే తీరు, మీసం కొస, అన్నీ వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఎన్నో ఏళ్లుగా రానిది వచ్చింది.

నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. సాయిబన్న అటు తిరిగి బీడీ వెలిగించబోయి, రీలు అంటుకుంటుందని గుర్తొచ్చి జేబులో పెట్టేసుకున్నాడు. కాసేపయ్యాక కత్తెర తీశాడు. "ఈ బొమ్మ కావల్లంటే కోసిస్తా. ఎవడికీ తెలీదు. ఒక బొమ్మకేమి."

చేయి చాపాను. కత్తెర రీలు మీద పెట్టాడు. అప్పుడు నాకు తట్టింది, అది కోస్తే ఈ సాయంత్రం ఆయన కొండెక్కి, తిరగకుండానే పోతాడు. ఏ ఊళ్లో వేసినా అంతే.

"వద్దన్నా. ఉండనీ" అన్నాను.

"బాగా ఆలోచించుకో."

"తిరగనీలే."

ఆ వారం అంతా టెంటుకు వెళ్లాను. చెంప కంటికి చిక్కదు, అయినా ఉందని తెలుసు. ఆ మాట ఎవరికైనా చెప్పాలని ఉండేది. మా అత్తకే చెప్పాలి, నీ కొడుకు ముఖం వాడిపోలేదు, నవ్వాడు అని. ఆమె పోయి అప్పటికి మూడేళ్లు. పెనుకొండలో మా ఇల్లు ఎవరో కొనుక్కున్నారు. మగ్గం ఇంటివాళ్లకు నాకు పెళ్లయి ఉండేదన్న సంగతి తెలుసు, అంతకు మించి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. పడుగు ముందు కూర్చుని పోగులు అతుక్కుంటూ నాలో నేనే రెండుసార్లు చెప్పుకున్నాను.

టెంటు ఎత్తేసిన రోజు బస్టాండుకు వెళ్లాను. రీలు డబ్బాల పెట్టెను గోరంట్ల బస్సు మీదికి ఎక్కించి తాడు బిగించారు. సాయిబన్న కిటికీలోంచి తల ఊపాడు. బస్సు కదిలింది. దుమ్ములో పెట్టె కనబడినంతసేపు చూశాను. పిలవాలని నోటి దాకా వచ్చింది. ఏమని పిలవాలి? ఇదో అనేదాన్ని, అంతే. బస్టాండు నిండా జనం ఉన్నారు. నేను నోరు తెరవలేదు, గదికి వచ్చి వేళ్లకు బూడిద రాసుకున్నాను.